ఎడమకు తిరిగే పంకా

పడవ సామాను కొనడానికి జగిత్యాల వెళ్ళొచ్చానంటే మా తాళ్ళరేవులో అందరూ నవ్వారు. సముద్రానికి అది ఎంత దూరమో నాకూ తెలుసు. నవ్వినవాళ్ళకి చెప్పేటప్పుడు ఈ ప్రయాణంలో కొంత దాచుకున్నాను. ఇక్కడ దాచను.

ముందు నా సంగతి. మా నాన్న కర్ర పడవలు కట్టే వడ్రంగి. నేను పాతికేళ్ళు ఒక పడవల యార్డులో స్టోరు చూసుకున్నాను. ఫైబరు పడవలొచ్చి కర్ర పడవలు మూలపడ్డాక, విప్పేసిన వాటిలోంచి కంచు, ఇత్తడి సామాను ఏరుకుని, ఏ భాగం ఏ పడవదో, ఏ కాలందో గుర్తుపట్టి, పాత పడవల్ని బాగుచేయించుకునే షోకున్నవాళ్ళకి అమ్ముతున్నాను. గుండ్రటి కిటికీలు, తాళ్ళు బిగించే కొక్కేలు, దీపాలు, చుక్కానులు. ప్రొపెల్లర్లు కూడా. మావాళ్ళు వాటిని పంకాలనే అంటారు.

ఈ వ్యాపారంలో నకిలీ ఎక్కువ. రెండేళ్ళ కిందట ఒక ఓడ దీపం విషయంలో నేనూ మోసపోయాను. మోసం చేయలేదనీ అనను. ఒకసారి మామూలు చేపల పడవ కొక్కేన్ని దొరల లాంచీదని చెప్పి అమ్మాను. అబద్ధం ఎంత తేలిగ్గా చెల్లుతుందో అప్పుడే తెలిసింది. అప్పటినుంచి ఎవరు ఏ కథ చెప్పినా నాకు నమ్మకం కుదరదు.

కొచ్చిలో ఒకాయన తాతల నాటి టేకు లాంచీని బాగుచేయిస్తున్నారు. దానికి రెండు ఇంజన్లు. ఒక పంకా కుడికి తిరగాలి, రెండోది ఎడమకి. ఎడమది పోయింది. ఏడాదిగా నేను వెతుకుతున్నాను. పాత సామాను కొనేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకరోజు ఫోటో వచ్చింది: గోనెసంచి మీద మూడు రెక్కల కంచు పంకా, పక్కన కొలత కోసం పెట్టిన స్కేలు. ఇరవై రెండు అంగుళాలు. పంపినవారు హబీబ్, కోరుట్లలో పాత ఇనుప సామాను దుకాణం. ఫోన్ చేసి ఎక్కడిదని అడిగాను.

"అచ్చి సూసుకోండ్రి మేడం," అన్నాడు. అంతే.

జగిత్యాల

లాడ్జిలో రిజిస్టరు రాసే ఆయన "ఒక్కలేనా మేడం?" అని మూడుసార్లు అడిగాడు. బ్యాగులోంచి ఆధార్ కార్డు తీస్తుంటే అయస్కాంతం, మందం కొలిచే వెర్నియరు, చిన్న ఆకురాయి బల్ల మీద పడ్డాయి. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, నాలుగోసారి అడిగాడు.

వాన జల్లు పడుతోంది. వీధి చివర ఒకామె బండి మీద మక్క గారెలు వేస్తోంది. నాలుగు ఇరవై రూపాయలు. మా వైపు గారె అంటే మినప్పప్పే. ఇవి లేత మొక్కజొన్నవి, పైన కరకర, లోపల తియ్యటి మెత్తన. నంజుకోవడానికి ఉల్లిపాయ అడిగాను.

"ఉల్లిగడ్డనా?" అని నవ్వి ఇంత పెట్టింది. "ఏ ఊరమ్మా మీది? మాట గట్లున్నది."

కాకినాడ వైపు అన్నాను. పని మీద వచ్చానన్నాను. ఏం పనో చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు గానీ, పక్క బండాయనతో ఏదో అని ఇద్దరూ నా వైపు చూశారు. నేను చెప్పకపోవడం వల్ల చూశారేమో, నాకు మాత్రం ఆ చూపు నచ్చలేదు.

ఆ గ్రూపులోనే ఉన్న సురేందర్ అనే ఆయనకి జగిత్యాలలో పాత వస్తువుల షాపు ఉంది. ఎలాగూ వచ్చాను కదా అని వెళ్ళాను. నలభై ఏళ్ళ మనిషి, చాలా మర్యాద. ఏసీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించి, వెల్వెట్ గుడ్డలోంచి ఇత్తడి ఓడ దిక్సూచి తీసి చేతిలో పెట్టాడు.

"నిజాం కాలం నాటిది మేడం. గోదావరిల తిరిగిన స్టీమరుది."

వెనక్కి తిప్పాను. మరమేకుల నెత్తి మీద కూడిక గుర్తు గాడి ఉంది. అంత పాత సామానుకి ఒంటి గాడి మరమేకులే ఉండాలి. తడి రుమాలుతో రుద్దితే చిలుము పచ్చగా గుడ్డకి అంటింది. ఏళ్ళ తరబడి పట్టిన చిలుము అలా ఊడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆసిడ్ వాసన. తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని గుడ్డలో చుడుతూ, "కోరుట్లకు పోతున్నరా, హబీబ్ కాడికి?" అన్నాడు.

నేను చెప్పలేదే అనుకున్నాను. "మీకెలా తెలుసు?"

"గా పంకా కోసం కాకుంటే మీరెందుకస్తరు గింత దూరం? జర పైలం మేడం. ఆ ముసలాయన సరుకు ఎక్కడికెళ్ళి తెస్తడో ఎవలికీ తెల్వది. ఊర్లల్ల గుళ్ళ గంటలు పోతున్నయి ఈ నడుమ. మీరు దూరం నుంచి అచ్చినోళ్ళు, ఇరుక్కుంటరు."

నకిలీ దిక్సూచి చూపించిన మనిషి మాట నమ్మకూడదు. నమ్మకూడదని తెలిసీ ఆ మాటని మనసులో పెట్టుకునే కోరుట్ల బస్సెక్కాను.

కోరుట్ల

హబీబ్ దుకాణం ఉన్న వీధిలో అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, చూపు మాత్రం చాట మీద కాదు, నా మీద. మా యార్డులో వలలు అల్లే ఆడవాళ్ళూ అంతే, కొత్త మనిషి వస్తే చేతులు వాటి పని అవి చేసుకుంటాయి.

హబీబ్‌కి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తెల్ల గడ్డం. దుకాణం ముందు భాగం పాత సైకిళ్ళు, డ్రమ్ములు, విరిగిన బోరు పైపులు. వెనక వాళ్ళ ఇల్లు. చాయ్ తెప్పించాడు. ఇక్కడి చాయ్ గ్లాసు మన బొటనవేలంత, పాలు చిక్కన, చక్కెర మరీ ఎక్కువ. అది తాగేవరకు పంకా మాట ఎత్తలేదు. తొందర లేని వ్యాపారిని చూస్తే నాకు భయం.

తర్వాత లోపలికి వెళ్ళి రెండు చేతుల్తో మోసుకొచ్చి పాత పరుపు మీద పెట్టాడు.

నేను నేల మీద కూర్చున్నాను. అయస్కాంతం అంటలేదు. చెక్క సుత్తితో రెక్క మీద తడితే గుడి గంటలా సన్నగా చాలాసేపు మోగింది. పగులు ఉంటే ఆ మోత రాదు. రెక్కల మధ్యనున్న బొడ్డు లోపల ఎవరికీ కనపడని చోట ఆకురాయితో ఒక్క గీత గీశాను. ఎర్రటి బంగారు రంగు, కంచే. రెక్కల అంచులు ఇసుక నీళ్ళు తిని పల్చబడ్డాయి, అన్నీ ఒకే తీరులో. అది ఆసిడ్‌తో వచ్చేది కాదు. ఇరుసు దూరే రంధ్రం ఒక వైపు సన్నబడుతూ పోయింది, పక్కన గాడి ఉంది. కొలతలు సరిపోయాయి. చివరికి రెక్కల వాలు చూశాను. ఎడమే.

ఏడాది వెతికిన వస్తువు ముందుంటే సంతోషం రావాలి. నాకు అనుమానం వచ్చింది. నకిలీ అయితే ఈయన మోసగాడు, అంతవరకే. అసలైతే, ఈ మెట్ట ఊరికి ఎలా వచ్చింది? పైగా ఒంటి ఇంజను పడవలకి కుడికి తిరిగే పంకాలే ఎక్కువ. ఎడమది అంటే ఎక్కడో రెండు ఇంజన్ల పడవ నుంచి ఎవరో విప్పుకొచ్చి ఉండాలి.

"ఎంతకిస్తారు?"

"నాది కాదు మేడం."

"మరి?"

"సిరిసిల్ల దిక్కు ఒకామెది. ధర ఆమెనే చెప్తది. ఇంకిన్ని సామాన్లు ఆమె తండ్రి ఇంట్ల ఉన్నయి, కోనరావుపేట అవతల. రేపు పోయి సూద్దాం. పొద్దుగూకంగ ఆమెను కూడ కలుస్తరు."

ఆమె పేరు అడిగితే, "ఆమెను అడగకుంట చెప్పుడు మంచిగుండది," అన్నాడు. ధర పెంచడానికి లేని మనిషిని పుట్టించే పద్ధతి నాకు కొత్త కాదు. సరేనన్నాను. నేను లేచి బయటికి వస్తుంటే ఆయన ఫోన్‌లో ఉర్దూలో మాట్లాడుతున్నాడు. నాకు వచ్చిన ఉర్దూ యార్డులో వెల్డర్ల దగ్గర విన్నది. అయినా రెండు మాటలు స్పష్టంగా తెలిశాయి. ఔరత్ హై. అకేలీ హై. ఆడమనిషి, ఒక్కతే ఉంది.

ఆ సాయంత్రం తిరుగు టికెట్ల ధర చూసుకున్నాను. కొచ్చి ఆయన మెసేజ్ పెట్టారు, దొరికిందా అని. దొరికింది అని రాశాను.

సిరిసిల్ల దారి

ఆయన ట్రాలీ ఆటో ముందు సీటులోనే కూర్చున్నాను. బండి నంబరు ఫోటో తీసి మా తమ్ముడికి పంపాను. ఆయన చూశాడు, చూడనట్టు ఉన్నాడు.

దారిలో ఒక ఊరి మసీదు దగ్గర బండి ఆపి, తాళం బండికే వదిలేసి, "పది నిమిషాలు మేడం," అని నమాజుకి వెళ్ళాడు. ఆయన లోపలికి వెళ్ళగానే నేను సీటు ఎత్తి చూశాను. ఏం చూడాలనుకున్నానో నాకే తెలియదు. పానాలు, గోనెతాళ్ళు, రెండు డబ్బాల టిఫిన్ కారియరు, మూత తియ్యని నీళ్ళ సీసా. సీటు దించేసి ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. వచ్చాక ఆ నీళ్ళ సీసా తీసి నాకిచ్చాడు. టిఫిన్‌లో రొట్టెలు, గుడ్డు కూర. రెండో డబ్బా నాది. ఆకలి లేదన్నాను. ఆకలి ఉంది.

కోనరావుపేట మండలంలో ఒక ఊరు

ఈ ఊరి పేరు రాయను. తప్పు వాళ్ళది కాదు.

ఊరి చివర రెండు గదుల రేకుల ఇల్లు, పక్కన పశువుల కొట్టం. కొట్టానికి తాళం. ఇంట్లో ఉండాల్సిన ఆ సిరిసిల్ల ఆమె తమ్ముడు కూలికి వెళ్ళాడట. హబీబ్ ఆయనకి ఫోన్ చేస్తుంటే కలవలేదు. నేను ఆగలేక తలుపు సందులోంచి టార్చి వేసి చూశాను. గోడకి ఆనించి గుండ్రటి ఇత్తడి కిటికీ చట్రం కనిపించింది.

"ఏం జూస్తున్నవమ్మా గాడ?"

వెనక్కి తిరిగితే ఒక యువకుడు, చేతిలో ఫోన్. మాట్లాడుతూనే వీడియో తీస్తున్నాడు. ఇంకో ఇద్దరు. చూస్తుండగానే పదిమంది.

"పాత ఇత్తడి సామాను చూడ్డానికి వచ్చాం," అన్నాను. అంతకన్నా చెడ్డ మాట ఆ రోజు ఆ ఊళ్ళో ఇంకోటి లేదు. పోయిన నెలే వాళ్ళ గుడి గంట పోయిందట. నా బ్యాగు తీసుకున్నారు. అయస్కాంతం, వెర్నియరు, ఆకురాయి, భూతద్దం, టార్చి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"గుప్తనిధులు తవ్వేటోళ్ళు గిసొంటియే పట్టుకొని తిరుగుతరు," అన్నాడొకాయన.

"ఎవలు నువ్వు? గీయిన నీకేమైతడు?"

అప్పుడు నేనన్న మాట రాయకుండా ఉండలేను. "నాకేమీ తెలియదండి. ఈయనే తీసుకొచ్చాడు. సరుకు ఎక్కడిదని అడిగితే నాకూ చెప్పలేదు. నాకూ ఈయన మీద అనుమానంగానే ఉంది."

హబీబ్ నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నేను ఏమన్నానో సరిగ్గా విన్నాడా లేదా అన్నట్టు చూశాడు.

గుంపు ఆయన వైపు తిరిగింది. బండి తాళం లాక్కున్నారు, ఫోన్ లాక్కున్నారు. గ్రామపంచాయతీ దగ్గరికి నడిపించారు. నాకు కుర్చీ వేశారు, నీళ్ళిచ్చారు. ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టారు. ఒకతను ఆయన టోపీ వైపు చూసి ఏదో అన్నాడు. ఇంకో పెద్దాయన, "నోరు మూసుకో. అడిగేది ఉంటే సక్కగ అడుగు," అని కసిరాడు. ఆ పెద్దాయన లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

హబీబ్ ఒకటే మాట పట్టుకున్నాడు. "యాకోబు బిడ్డ దీనమ్మకు ఫోన్ చెయ్యిండ్రి. ఆమె అచ్చినంక ఏమన్న చెయ్యిండ్రి."

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో కుర్చీలోంచి లేచి ఆయన పక్కన కూర్చోవచ్చు. కూర్చోలేదు.

దీనమ్మ ఆటో దిగుతూనే అరవడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళుంటాయి, జుట్టు నిండా దూది నూగు. తంగళ్ళపల్లిలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతుంది, పని మధ్యలో వదిలేసి వచ్చింది.

"హబీబ్ చాచాను మెట్ల మీద కూసోబెడ్తరా? మీకు కండ్లున్నయా? గా సామాను మా నాయినది! ప్రాజెక్టు మీద బోటు నడిపిండు మా నాయిన, మీ తాతలకు తెల్వదా?"

పెద్దాయన తలూపాడు. "యాకోబు బోటు నడిపింది నిజమే."

దగ్గర్లోని ఆనకట్ట జలాశయంలో తిరిగిన ఆ బోటు పాడయ్యాక ప్రాజెక్టువాళ్ళు వేలం వేశారట. యాకోబు భూమిలేని మనిషి. కూలి డబ్బులు పెట్టి చెక్కలన్నీ వదిలేసి ఈ కంచు, ఇత్తడి మాత్రం పాడుకున్నాడు. రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో ఉంచారు. దీనమ్మ తెచ్చి అందరికీ చూపించింది. అప్పుడు కూడా, సిగ్గులేకుండా, నా బుర్ర రసీదులు ఎవరైనా రాయించుకోవచ్చని అంటోంది. అందుకే అడిగాను.

"మీ నాన్నగారు పడవని ఒడ్డుకి ఎలా కట్టేవారో గుర్తుందా?"

"ఎందుకు లేదు? చిన్నప్పుడు రోజు పోయేదాన్ని సద్ది పట్టుకొని. ఎప్పుడు కుడి పక్కకే కట్టెటోడు. వేరే బోటోళ్ళందరు ఎడమ దిక్కు కడ్తరు, నువ్వెందుకే నాయిన కుడికి అంటే, రివర్స్ ఏస్తే దీని తోక కుడికి గుంజుతది బిడ్డా, దాని గుణం గంతే అనెటోడు."

వెనక్కి నడిపేటప్పుడు మామూలు పంకా పడవ తోకని ఎడమకి లాగుతుంది. కుడికి లాగిందంటే అది ఎడమకు తిరిగే పంకానే. పుస్తకం చదివి చెప్పే మాట కాదు, ఆ పడవ దగ్గర పెరిగిన పిల్లకే తెలిసే మాట. ఒంటి ఇంజనుకే ఎడమ పంకా ఉన్న పడవ అది. అంతే సంగతి. రాత్రంతా నేను అల్లుకున్న దొంగతనం ఆ ఒక్క మాటతో పోయింది.

"గీమె ఎవలు?" అంది దీనమ్మ నన్ను చూపిస్తూ.

"కొననీకె అచ్చిన మేడం. నాకు తెల్సినామెనే," అన్నాడు హబీబ్.

వీడియో తీసిన కుర్రాడు ఊరుకోలేదు. "తెల్సినామెనా? చాచా మీద అనుమానమని చెప్పింది గామెనే గదా."

దీనమ్మ నా వైపు చూసింది. పెద్దాయన హబీబ్ బండి తాళం, ఫోన్ ఆయన చేతికిచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. హబీబ్ లేచి ప్యాంటుకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

తంగళ్ళపల్లి

హబీబ్ మమ్మల్ని దీనమ్మ ఇంటి దగ్గర దించి కోరుట్ల వెళ్ళిపోయాడు. రాత్రికి ఉండమని దీనమ్మే అంది. పిలుపులో ప్రేమ లేదు, కానీ చీకటి పడుతుంటే ఆడమనిషిని పంపించే ఇల్లు కాదు.

వీధి అంతా మగ్గాల చప్పుడు. ఇక్కడ వాటిని సాంచాలంటారు. మా ఊళ్ళో రాత్రి సముద్రం హోరులా ఇక్కడ ఇది. ఆమెకి అది వినపడదట, ఆగితేనే మెలకువ వస్తుందట. జొన్న రొట్టె, పుంటికూర పెట్టింది. పుంటికూర అంటే మన గోంగూరే. మనం నూనెలో మగ్గబెడతాం, ఈమె పప్పులో వేసి పలచగా చేసింది.

తింటుండగా చెప్పింది. "మా ఆయన పానం బాగలేనప్పుడు ఈ పంకా తూకానికి అమ్ముదామని నేనే చాచాను పిలిచిన. అప్పుడు సైకిల్ మీద ఊర్లు తిరిగెటోడు. తూకానికి అమ్మకు బిడ్డా, దీని ఇలువ తెల్సినోళ్ళు ఎక్కడనో ఉంటరు, నేను సూస్త అన్నడు. తూకానికి తీస్కపోతే ఆయనకే లాభం గదా. జగిత్యాల ఆయన రెండుసార్లు అడిగిండు, తూకం లెక్కనే. చాచా ఇయ్యద్దన్నడు."

సురేందర్ నన్నెందుకు హెచ్చరించాడో అర్థమైంది.

"నువ్వు ఒక్కదానివే అస్తున్నవని, భయపడ్తవని చాచీని కూడ తోలుకరావాల్నని సూసిండు. చాచీ ఆ పొద్దు బిడ్డ ఇంటికాడ ఉండె, ఫోన్ చేసి అడిగిండంట. మోకాళ్ళ నొప్పులతోని ఆమె రాలేకపోయింది."

నేను రొట్టె పక్కన పెట్టేశాను.

"ధర చెప్పండి," అన్నాను.

"నేను చెప్ప. చాచా ఎంతంటే గంత. ఆయన నీకియ్యద్దంటే లేదు."

మళ్ళీ కోరుట్ల

పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాను. హబీబ్ అప్పుడే దుకాణం తీస్తున్నాడు. నేను ఏం చెప్పాలో బస్సంతా అనుకుంటూ వచ్చాను. "తప్పు చేశాను," అన్నాను.

ఆయన పర్వాలేదు అనలేదు. ధర చెప్పాడు. న్యాయమైన ధర, నేను ఇవ్వాలనుకున్నదానికి కొంచెం తక్కువే. కమీషన్ అడిగితే వద్దన్నాడు. "ఒక కాయితం రాసియ్యిండ్రి. గీ పంకా యాకోబు బోటుదని, దీనమ్మ కాడికెళ్ళి కొన్నరని. రేపు ఎవలన్న అడిగితే సూపెట్టనీకె ఉంటది."

రాశాను. పాత సామాను గురించి ఎన్నో కాగితాలు రాశాను ఇన్నేళ్ళలో. ప్రతి అక్షరం నిజమని తెలిసి రాసింది ఆ కాగితమే. దీనమ్మ ఫోన్‌కి డబ్బు పంపాను. ఇప్పుడా పంకా కొచ్చి నీళ్ళలో తిరుగుతోంది. కాగితం నకలు లాంచీ గదిలో అద్దం చట్రంలో పెట్టించానని కొచ్చి ఆయన ఫోటో పంపారు.

ఆ పొద్దున కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ హబీబ్ గొంతు తగ్గించి, "మేడం, నిన్నటి ముచ్చట ఇంట్ల చెప్పలే," అన్నాడు. "ఆమెకు బీపీ ఉన్నది. ఇగ నన్ను ఊర్లల్లకు పోనియ్యది. మీరు కూడ గా ముచ్చట తియ్యకుండ్రి."

అంతలో వెనక తలుపు తెరుచుకుని ఆయన భార్య గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిలో చాయ్, పళ్ళెంలో ఖారా, అదే మన మిక్స్చరు. నన్ను చూసి ముఖం విప్పారింది. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కదానివే అచ్చినవంట గంత దూరం. నాకు నిన్నంత గదే ఫికరు. దారిల మా ఆయన మంచిగ సూస్కున్నడా?"

హబీబ్ మాకు వీపు చేసి పంకాకి గోనెసంచి చుడుతున్నాడు. ఆయన చేతులు ఆగాయి.

"బాగా చూసుకున్నారమ్మా," అన్నాను.

తాడు బిగించి ముడి వేశాడు. ఆమె చాయ్ గ్లాసు నా వైపు జరిపింది, చల్లారిపోతుంది తాగమని.